తట్టు ఏదో, మశూచి ఏదో తేల్చి చెప్పిన హకీమ్ రాజీ

బిడ్డకు మూడు రోజులుగా జ్వరం. ఒళ్లు కాలిపోతోంది. కళ్లు ఎర్రబడ్డాయి. నాలుగో రోజు పొద్దున చొక్కా విప్పి చూస్తే చెవుల వెనక, మెడ మీద ఎర్రటి మచ్చలు. తల్లి గుండె గుభేలుమంటుంది. పక్కింటామె వచ్చి తట్టు అంటుంది. ఎదురింటామె కాదు, ఆటలమ్మ అంటుంది. దాదీమా మాత్రం ఏ పేరూ ఎత్తదు. ఆమె మనసులో మెదిలే పేరు ఒక్కటే: చేచక్. ఆ పేరు పైకి అనడానికే భయం.

1975కు ముందు మన దేశంలో ఏ ఇంట్లోనైనా ఈ దృశ్యం కనిపించేది. అది తట్టు అయితే ఒక రకం జాగ్రత్త. మశూచి అయితే బతుకుతాడో లేదో, బతికినా కళ్లు మిగులుతాయో లేదో. ముఖమంతా గుంటలు పడ్డ పెద్దవాళ్లను ఇప్పటికీ మన బస్తీల్లో, ఊళ్లలో చూస్తుంటాం. చర్మం మీద పొక్కు లేవగానే అది ఏ జాతి పొక్కో గుర్తుపట్టడం అప్పట్లో ప్రాణంతో సమానమైన విద్య. ఆ విద్యను మొదటిసారి విడిగా, వివరంగా, రోగి పడక పక్కన పనికొచ్చేలా పుస్తకంలో పెట్టిన మనిషి పదకొండు వందల ఏళ్ల కిందట ఇరాన్‌లో జీవించారు. ఆయనే హకీమ్ అబూబక్ర్ ముహమ్మద్ బిన్ జకరియా రాజీ.

యునానీ వైద్యం చదివిన వారికి ఈ పేరు కొత్త కాదు. మిగతా వారు తరచూ పొరబడేది ఒకచోట. తఫ్సీర్ రాసిన ఇమామ్ ఫఖ్రుద్దీన్ రాజీ వేరు, ఈ హకీమ్ రాజీ వేరు. ఇద్దరిదీ రయ్ పట్టణమే కాబట్టి ఇద్దరికీ రాజీ అన్న పేరు వచ్చింది. ఇమామ్ సాహెబ్ 1210లో కన్నుమూశారు. హకీమ్ సాహెబ్ అంతకు దాదాపు మూడు వందల ఏళ్ల ముందువారు.

రయ్ ఇప్పుడు టెహరాన్ మహానగరంలో కలిసిపోయింది. ఆనాడు మాత్రం అదే పెద్ద పట్టణం. ఖురాసాన్‌కు, బగ్దాద్‌కు మధ్య నడిచే వర్తకుల బిడారాలు ఆగే చోటు. అక్కడ హిజ్రీ 251లో, అంటే క్రీ.శ. 865లో రాజీ పుట్టారు. ఆయన పుట్టిన తేదీని, రచనల జాబితాను తర్వాతి శతాబ్దంలో అల్ బెరూనీ శ్రద్ధగా రాసి పెట్టారు. ఆ జాబితాలో 184 రచనలున్నాయి. చాలా వరకు కాలగర్భంలో కలిసిపోయాయి.

యువకుడిగా ఉన్నప్పుడు ఆయనకు సంగీతం మీద మనసు. ఊద్ వాయించేవారని చెబుతారు. తర్వాత రసవాదం పట్టుకుంది. కొలిమి ముందు కూర్చుని లోహాలు కరిగించడం, గంధకం కాల్చడం, ఆ పొగలు పీల్చడం. ఆయన కళ్లు మొదట దెబ్బతిన్నది ఆ పొగలకేనని కొందరు చరిత్రకారులు రాశారు. వైద్యంలోకి వచ్చేసరికి వయసు ముప్పై దాటిందంటారు. అలీ బిన్ రబ్బన్ తబరీ దగ్గర ఆయన వైద్యం నేర్చుకున్నారని కొన్ని పుస్తకాల్లో కనబడుతుంది కాని, కాలం లెక్క వేస్తే అది పొసగదు. తబరీ పోయేనాటికి రాజీ ఇంకా చిన్న పిల్లవాడే. గురువు ఎవరైనా, ఆలస్యంగా మొదలుపెట్టిన ఆ మనిషి కొద్ది ఏళ్లలోనే రయ్ పట్టణపు ఆసుపత్రికి పెద్ద అయ్యారు.

ఆ రోజుల్లో ఆసుపత్రిని బీమారిస్తాన్ అనేవారు. రయ్ పాలకుడు మన్సూర్ బిన్ ఇస్‌హాఖ్ ఆయన్ని ఆదరించాడు. అతని పేరు మీదనే రాజీ కితాబుల్ మన్సూరీ అనే పది భాగాల వైద్య గ్రంథం రాశారు. తర్వాత బగ్దాద్ వెళ్లి అక్కడి ఆసుపత్రి బాధ్యత కూడా చూశారు. ఇక్కడే ఒక కథ ప్రచారంలో ఉంది. ఆసుపత్రి కట్టడానికి స్థలం చూడమంటే రాజీ బగ్దాద్‌లో నాలుగు మూలలా మాంసం ముక్కలు వేలాడదీయించారట. ఏ మూల ముక్క ఆలస్యంగా కుళ్లిందో అక్కడ కట్టమన్నారట. కథ బాగుంది. స్కూలు పుస్తకాల్లోకి కూడా ఎక్కింది. అయితే ఈ కథతో ముడిపెట్టే అజుదీ ఆసుపత్రి ఆయన పోయిన యాభై ఏళ్ల తర్వాత గాని కట్టలేదు. ఈ సంగతిని మధ్యయుగపు వైద్య చరిత్రకారుడు ఇబ్నె అబీ ఉసైబియా అప్పుడే గమనించారు.

నమ్మదగ్గ చిత్రం మరొకటి ఉంది. ఇబ్నె నదీమ్ హిజ్రీ 377లో రాసిన ఫిహ్రిస్త్ గ్రంథంలో, రయ్‌కు చెందిన ఒక వృద్ధుడు చెప్పగా విన్నానంటూ రాజీ రూపం వర్ణించారు. పెద్ద తల ఉన్న ముసలాయన. ఆయన మజ్లిస్‌లో కూర్చుంటే ఎదురుగా శిష్యులు, వారి వెనక వారి శిష్యులు, ఆ వెనక మరో వరుస. రోగి వచ్చి బాధ చెప్పుకుంటే మొదట ఎదురయ్యేది చిట్టచివరి వరుస. వాళ్లకు అంతుపడితే సరి. లేకపోతే ముందు వరుసకు, అక్కడా తేలకపోతే ఇంకా ముందుకు. అందరూ చేతులెత్తేశాక హకీమ్ సాహెబ్ నోరు విప్పేవారు. బీదవారి పట్ల చాలా దయగా ఉండేవారని, వారికి ఉచితంగా వైద్యం చేయడమే కాక తిండికి కూడా ఏర్పాటు చేసేవారని ఆ వృద్ధుడు చెప్పాడు. ఎప్పుడు వెళ్లినా ఏదో ఒకటి రాస్తూనే కనిపించేవారట. బాకలా గింజలు మరీ ఎక్కువ తినడం వల్ల ఆయన కళ్లు ఎప్పుడూ చెమ్మగిల్లి ఉండేవట. ఇలాంటి చిన్న సంగతి కల్పించి చెప్పాల్సిన పని ఎవరికి ఉంటుంది?

ఈ వరుసల పద్ధతిలోనే ఒక కిటుకు ఉంది. రోగిని ముగ్గురు నలుగురు చూసి, ఎవరికి వారు చెప్పి, ఆ తర్వాత గురువు చెబుతారు. ఎవరు ఏ గుర్తు వదిలేశారో అందరి ముందూ బయటపడుతుంది. పొక్కులు చూసి జబ్బు చెప్పే విద్య పుస్తకంతో రాదు. పదిమంది చూసి, తొమ్మిదిమంది పొరబడి, పదోవాడు ఎందుకు పొరబడలేదో తెలుసుకుంటేనే వస్తుంది.

పేర్లు ఉన్నాయి, గుర్తులు లేవు

మశూచికి అరబ్బీలో జుదరీ అని, తట్టుకు హస్బా అని పేర్లు. ఈ రెండు పేర్లూ రాజీ పెట్టినవి కావు. ఏనుగుల సైన్యంతో అబ్రహా మక్కా మీదికి వచ్చిన సంవత్సరంలోనే హస్బా, జుదరీ అరబ్బు నేలలో మొదటిసారి కనిపించాయన్న కథనం ఇబ్నె ఇస్‌హాఖ్ సీరత్ గ్రంథంలో నమోదై ఉంది. అంటే పేర్లు జంటగా జనం నోట ఉన్నాయి. రాజీకి ముందటి వైద్యులు కూడా, అలెగ్జాండ్రియాకు చెందిన అహ్రున్ మొదలుకొని, వీటిని ప్రస్తావించారు. రాజీ వారి మాటలను పేర్లతో సహా తన నోట్సులో ఎత్తి రాసుకున్నారు. అయితే వారి వివరణలు పొడి పొడిగా ఉండేవి. పడక పక్కన నిలబడ్డ వైద్యుడికి వాటితో పని జరిగేది కాదు. జ్వరం వచ్చిన బిడ్డను చూసి ఇది ఫలానా అని ముందుగా చెప్పడం ఎలా? పొక్కులు లేచాక ఏవి ప్రమాదం, ఏవి కావు? ఈ రెండు ప్రశ్నలకు సూటిగా సమాధానం ఎక్కడా లేదు. గ్రీకుల మహావైద్యుడు జాలీనూస్, అంటే గాలెన్, ఇంత పెద్ద జబ్బుకు సరైన చికిత్స ఎందుకు చెప్పలేదన్న వెలితి రాజీ మాటల్లో తెలుస్తుంది.

అందుకే ఆయన కితాబుల్ జుదరీ వల్ హస్బా రాశారు. చిన్న పుస్తకం. పద్నాలుగు అధ్యాయాలు మాత్రమే.

దీని గొప్పతనం అర్థం కావాలంటే చర్మం మీద వచ్చే వాటిని మనం ఎలా వేరు చేస్తామో ఒకసారి ఆలోచించాలి. ఒంటి మీద రంగు మాత్రం మారి, తడిమితే చేతికి ఏమీ తగలకపోతే మచ్చ అంటాం. చేతికి తగిలేలా లేస్తే పొక్కు. లోపల నీరు చేరితే నీటిపొక్కు, చీము పడితే చీముపొక్కు. అది ఎండి పైన గట్టిపడితే పెచ్చు. దురదతో గబుక్కున లేచి కొన్ని గంటల్లో అణిగిపోతే దద్దురు. నొప్పీ నీరూ లేకుండా నెలల తరబడి కూర్చుంటే పులిపిరి. ఇవాళ పెద్ద ఆసుపత్రిలో చర్మవ్యాధుల డాక్టరు చేసే మొదటి పని కూడా ఇదే. చదునుగా ఉందా, లేచి ఉందా, నీరుందా, రంగేమిటి, ఎక్కడ మొదలైంది, ఎన్ని రోజులైంది అని చూస్తారు. జబ్బు పేరు ఆ తర్వాత వస్తుంది.

రాజీ చేసింది సరిగ్గా ఇదే. హస్బాలో కనిపించేది చర్మం పై పొరలో ఎరుపు మాత్రమేనని, దానికి ఎత్తు ఉండదని ఆయన రచనలు చెబుతాయి. జుదరీ అలా కాదు. గుండ్రంగా, ఎత్తుగా లేస్తుంది. లోపల ద్రవం చేరుతుంది. పండుతుంది, ఎండుతుంది, పెచ్చు కడుతుంది, రాలాక గుంట మిగులుతుంది. ఒకటి మచ్చ జాతి, ఇంకొకటి పొక్కు జాతి. ఇప్పుడు వింటే ఇంతేనా అనిపిస్తుంది. కాని మొదటి ఒకటి రెండు రోజుల్లో మశూచి కూడా ఎర్రటి మచ్చగానే మొదలవుతుంది. అప్పుడు చూసిన వైద్యుడు తేల్చి చెప్పడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు.

అందుకే ఆయన మచ్చలు రాకముందే ఏం జరుగుతుందో గమనించడం మొదలుపెట్టారు. విడవని జ్వరం, నడుంనొప్పి, ముక్కులో దురద, నిద్రలో ఉలిక్కిపడటం. ఈ నాలుగూ కలిస్తే పొక్కులు రాబోతున్నాయని అర్థం. ఒళ్లంతా సూదులతో పొడిచినట్టు ఉండటం, ముఖం ఉబ్బి బుగ్గలూ కళ్లూ ఎర్రబడటం, ఆవలింతలు, ఒళ్లు విరుపులు, గొంతునొప్పి వీటికి తోడవుతాయి. ఇంతవరకు రెండింటికీ సమానమే. ఇక తేడా. నడుంనొప్పి బలంగా ఉంటే అది ఎక్కువగా జుదరీ గుర్తు. వాంతి వచ్చేట్టు ఉండటం, ఆందోళన, స్థిమితం లేకుండా పొర్లడం ఎక్కువగా ఉంటే హస్బా గుర్తు. రెండో జబ్బులో నడుంనొప్పి అంతగా ఉండదు.

నడుంనొప్పి! పొక్కులకూ నడుముకూ ఏం సంబంధమని ఎవరికి తడుతుంది? రాబోయే పొక్కుల జాడ రోగి వీపు బాధలో దొరుకుతుందని కనిపెట్టాలంటే, అలాంటి రోగులను ఎన్ని పడకల పక్కన కూర్చుని అడిగి ఉండాలి! మశూచి గురించి ఇరవయ్యో శతాబ్దంలో రాసిన వైద్య గ్రంథాల్లో కూడా పొక్కులకు ముందు వచ్చే లక్షణాల జాబితాలో తీవ్రమైన నడుంనొప్పి తప్పకుండా కనిపిస్తుంది.

చివరి అధ్యాయం అన్నింటికన్నా బరువైనది. ఏ రోగి బతుకుతాడు, ఏ రోగి బతకడు అన్నది అందులో ఉంది. పొక్కులు తెల్లగా, పెద్దవిగా, విడివిడిగా, తక్కువగా ఉండి, తేలిగ్గా బయటపడి, అవి బయటపడగానే జ్వరం తగ్గుముఖం పడితే భయం లేదు. కిక్కిరిసి ఒకదానిలో ఒకటి కలిసిపోతే ప్రమాదం. లోపల నీరు లేకుండా పులిపిరుల్లా గట్టిగా ఉండేవి చెడ్డవి. పచ్చగా, ఊదాగా, నల్లగా మారేవి మరీ చెడ్డవి. పొక్కులు లేచాక కూడా జ్వరం పెరుగుతూ ఉంటే ఆశ తక్కువ. తట్టులోనూ అంతే. లేత ఎరుపు మచ్చలు మంచివి, ముదురు ఎరుపు, ఊదా రంగువి చెడ్డవి. ఒకే జబ్బులో తేలిక రకం, ప్రాణాంతక రకం ఉంటాయని, వాటిని పొక్కు రంగు, పరిమాణం, అమరిక చూసి ముందే విడదీయవచ్చని చెప్పడం ఆ రోజుల్లో మామూలు సంగతి కాదు. కలిసిపోయే పొక్కుల మశూచిని, విడిపొక్కుల మశూచిని వేర్వేరుగా లెక్కించే పద్ధతి వెయ్యేళ్ల తర్వాతి వైద్యులూ పాటించారు.

మధ్యలో ఒక అధ్యాయం మొత్తం కళ్లు, గొంతు, చెవులు, కీళ్ల రక్షణ కోసం కేటాయించారు. మశూచి గుర్తులు కనబడగానే అన్నింటికన్నా ముందు కళ్లు చూడాలన్నది ఆయన పట్టుదల. చల్లని నీటితో ముఖం తరచూ కడగాలని, సుమాక్ నానబెట్టిన గులాబ్ జల్ కళ్లలో వేయాలని, గొంతు కోసం పుల్ల దానిమ్మ రసం పుక్కిలించాలని రాశారు. ఈ మందులు ఇవాళ ఎవరూ వాడనక్కరలేదు. కాని జబ్బు గుర్తించిన మొదటి గంటలోనే బిడ్డ చూపు గురించి ఆలోచించిన వైద్యుడు ఎలాంటివాడో ఆ అధ్యాయం చెబుతుంది. మచ్చలు పోగొట్టే మార్గాలకూ ఒక అధ్యాయం ఉంది. పెళ్లి కావలసిన ఆడపిల్లల తల్లులు ఆయన ముందు కూర్చుని ఏమడిగి ఉంటారో మనకు తెలియనిది కాదు.

పొరబడిన చోటు

రాజీ అన్నీ సరిగ్గా చెప్పారనుకుంటే అది ఆయనకే నచ్చదు. జబ్బు ఎందుకు వస్తుందన్న చోట ఆయన వివరణ నిలవలేదు. పసిబిడ్డ రక్తం అప్పుడే పిండిన ద్రాక్షరసం లాంటిదని, అది పొంగి పులిసి పెద్దవారి రక్తంగా మారేటప్పుడు మశూచి వస్తుందని, ముసలివారి రక్తంలో ఆ పొంగు ఉండదని ఆయన భావించారు. పిల్లల్లో దాదాపు ఎవరూ దీన్ని తప్పించుకోలేకపోవడం, ముసలివారికి చాలా అరుదుగా రావడం ఆయన కళ్లారా చూశారు. చూసింది నిజమే. కారణం మాత్రం వేరు. ఒకసారి వచ్చి బతికిన ఒంటికి రక్షణ మిగిలిపోతుంది. పైగా తట్టులో పిత్తం ఎక్కువ, మశూచిలో రక్తపు పొంగు ఎక్కువ అన్నారే గాని రెండూ ఒకే కుదురు జబ్బులని ఆయన అనుకున్నారు. వాటిని పుట్టించేవి రెండు వేర్వేరు వైరస్‌లని, ఒకదానికొకటి చుట్టరికం కూడా లేదని తెలియడానికి ఇరవయ్యో శతాబ్దం రావలసి వచ్చింది. ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటాయన్న సంగతి ఆయన పట్టించుకోలేదు. కారణం తప్పినా గుర్తులు తప్పలేదు. ఆయన సిద్ధాంతాన్ని ఇప్పుడు ఎవరూ నమ్మరు, ఆయన చూపును మాత్రం ఎవరూ కాదనలేరు.

పొరపాటు ఒప్పుకోవడంలో ఆయనకు మొహమాటం లేదు. అబ్దుల్లా బిన్ సవాదా అనే రోగి గురించి ఆయన రాసుకున్న సంగతి వైద్య చరిత్రలో ప్రసిద్ధం. ఆ మనిషికి ఒక తీరు లేని జ్వరాలు. ఒకసారి రోజూ, ఒకసారి రోజు విడిచి రోజు, ఒకసారి ఆరు రోజులకు. ముందు చిన్న వణుకు. మాటిమాటికీ మూత్రం. ఇది చలిజ్వరంలోకి దిగుతుంది, లేదా మూత్రపిండంలో చీముగడ్డ ఉండాలి అని రాజీ రెండు మాటలు చెప్పి ఊరుకున్నారు. కొన్నాళ్లకు మూత్రంలో చీము పడింది. గడ్డే అని తేలింది. ఇక జ్వరం రాదన్నారు, రాలేదు. అక్కడితో ఆపి గొప్ప చెప్పుకోవచ్చు. ఆయన అలా చేయలేదు. లేచి నిలబడినప్పుడు నడుములో బరువు వేలాడినట్టు ఉంటుందా అని రోగిని తాను అడగలేదని, అడిగి ఉంటే ముందే తేలేదని తన తప్పు తానే రాసిపెట్టారు.

జాలీనూస్‌ను గురువుగా గౌరవిస్తూనే, అనుభవానికి సరిపడని ఆయన మాటలను ఎత్తిచూపుతూ విడిగా ఒక గ్రంథం రాశారు. సర్సామ్ లక్షణాలున్న రోగుల్లో కొందరికి నెత్తురు తీసి, కొందరికి కావాలనే తీయకుండా వదిలి, ఏ గుంపు ఏమైందో పోల్చి చూసుకున్నారు. వసంతంలో గులాబీల వాసన తగలగానే అబూ జైద్ బల్ఖీకి ముక్కు ఎందుకు కారుతుందో వివరిస్తూ ఒక చిన్న వ్యాసం రాశారు. వైద్యుడు దొరకని బీదవారి కోసం, అందుబాటులో ఉండే తిండి పదార్థాలతో, చవక మందులతో చేసుకునే చికిత్సల పుస్తకం ఒకటి రాశారు. రాజులకు రాసిన పుస్తకాల పక్కన ఈ పుస్తకం ఉండటం గమనించదగ్గది.

మరో సంగతి దాచకూడదు. తత్వ విషయాల్లో, ప్రవక్తల విషయంలో రాజీవిగా ప్రచారమైన అభిప్రాయాలను ఆనాటి పండితులు తీవ్రంగా ఖండించారు. ఆయన ఊరివాడే అయిన అబూ హాతిమ్ రాజీ ఆయనతో వాదించి పుస్తకమే రాశాడు. ఆయన రచనలను ఎంతో శ్రమపడి జాబితా చేసిన బెరూనీ కూడా ఈ విషయంలో ఆయన్ని సమర్థించలేదు. ఆ అభిప్రాయాలు నిజంగా ఆయనవేనా, ప్రత్యర్థులు పెంచి చెప్పారా అన్న చర్చ పండితుల్లో ఇప్పటికీ నడుస్తోంది. వైద్యంలో మాత్రం, ఆయన్ని ఖండించినవారి పిల్లలకు పొక్కులు లేచినా తిరగేసింది ఆయన పుస్తకమే.

చూపు పోయిన రోజులు

రాయడం ఆయనకు వ్యసనం. ఒకే సంవత్సరంలో తావీజుల మీద రాసేంత సన్నటి అక్షరాలతో ఇరవై వేల పేజీలకు పైగా రాశానని, ఒక పెద్ద గ్రంథం మీద పదిహేనేళ్లు రాత్రింబవళ్లు పనిచేశానని, దానితో చూపు మందగించి చేతి కండరాలు దెబ్బతిన్నాయని ఆయనే తన జీవన విధానం గురించి రాసిన పుస్తకంలో తెలిపారు. అప్పటి నుంచి ఇతరుల చేత చదివించుకుని, ఇతరుల చేత రాయించేవారు.

చివరి ఏళ్లలో కళ్లలో పొర కమ్మింది. చూపు పూర్తిగా పోయింది. బెరూనీ కథనం ప్రకారం తబరిస్తాన్ నుంచి ఒక శిష్యుడు కంటి చికిత్స చేస్తానని వచ్చాడు. తన చావు దగ్గరపడిందని, ఇప్పుడు ఆ బాధ పడటం వల్ల ప్రయోజనం లేదని చెప్పి రాజీ అతన్ని పంపేశారు. మరో కథ కూడా చెప్పుకుంటారు. వచ్చిన కంటి వైద్యుణ్ణి కంట్లో ఎన్ని పొరలుంటాయని అడిగారట. అతను చెప్పలేకపోయాడట. అది తెలియనివాడి చేత కన్ను ముట్టించుకోనన్నారట. ఏ కథ నిజమైనా, వేలమంది పిల్లల కళ్లు కాపాడమని రాసిన మనిషి చీకట్లోనే తన చివరి రోజులు గడిపారు. హిజ్రీ 313 షాబాన్ నెలలో, అంటే 925 అక్టోబరులో, రయ్‌లోనే కన్నుమూశారు.

ఇంట్లో గుట్టలు గుట్టలుగా నోట్సు మిగిలింది. జీవితమంతా చదివిన ప్రతి వైద్యుడి మాటలు, చూసిన ప్రతి రోగి సంగతులు అందులో ఉన్నాయి. అవన్నీ ఆయన సోదరి దగ్గర ఉన్నాయని తెలిసి, బువైహిద్ పాలకుల మంత్రి ఇబ్నుల్ అమీద్ డబ్బిచ్చి తీసుకున్నారు. రయ్‌లోని రాజీ శిష్యుల చేత వాటిని వరుసగా పెట్టించారు. అదే కితాబుల్ హావీ. ఆ సోదరి ఆ కాగితాలను పొయ్యిలో పెట్టకుండా దాచి ఉండకపోతే ఇవాళ మనకు రాజీలో సగం కూడా మిగిలేవారు కాదు. ఆమె పేరు చరిత్రలో ఎక్కడా పెద్దగా వినిపించదు.

1279లో సిసిలీ రాజు కోసం ఫరజ్ బిన్ సాలిమ్ అనే యూదు పండితుడు హావీని లాటిన్‌లోకి మార్చారు. మశూచి, తట్టుల చిన్న పుస్తకం 1498 నుంచి 1866 మధ్య ఐరోపాలో నలభైసార్ల దాకా అచ్చయింది. 1766లో లండన్‌లో అరబ్బీ మూలంతో సహా, 1848లో ఇంగ్లీషులో వెలువడింది.

హావీ అరబ్బీ మూలం మొదటిసారి పూర్తిగా అచ్చయిన చోటు మాత్రం మన హైదరాబాదు. 1888లో ఏర్పడిన దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ 1955లో మొదటి సంపుటం తెచ్చి, ఒకటొకటిగా 23 భాగాలు ప్రచురించింది. ప్రపంచంలో ఎక్కడ రాజీ మీద పరిశోధన చేసినా ఈ హైదరాబాదు ప్రతినే ముందు పెట్టుకుంటారు. విచిత్రం ఏమిటంటే, ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలో ఆ పేజీలు అచ్చుకు సిద్ధమవుతున్న ఏళ్లలో ఈ దేశంలో మశూచి ఇంకా బతికే ఉంది.

మశూచి, తట్టు సరే, మూడోది ఆటలమ్మ. దాన్ని మశూచి నుంచి స్పష్టంగా వేరు చేసిన గౌరవం 1767లో ఇంగ్లండు వైద్యుడు విలియం హెబర్డెన్‌కు దక్కింది. ఆటలమ్మ పొక్కులు ఒంటి మధ్య భాగంలో ఎక్కువ. ఒకే చోట కొన్ని అప్పుడే లేస్తూ, కొన్ని నీరు పట్టి, కొన్ని ఎండి కనబడతాయి. మశూచి పొక్కులు ముఖం, చేతులు, కాళ్ల మీద ఎక్కువ. అరచేతుల్లో, అరికాళ్లలో కూడా వస్తాయి. ఒకచోట ఉన్నవన్నీ ఒకే దశలో ఉంటాయి. 1970లలో మన ఊళ్లలో ఇల్లిల్లూ తిరిగిన ఆరోగ్య కార్యకర్తల చేతిలో మశూచి సోకిన బిడ్డ బొమ్మ ఉన్న కార్డు ఉండేది. ఇలాంటి పొక్కులు ఎవరికైనా ఉన్నాయా అని అడిగేవారు. చూపినవారికి బహుమానం కూడా ఇచ్చేవారు. మన దేశంలో చివరి మశూచి కేసు 1975 మేలో నమోదైంది.

ప్రపంచంలో సహజంగా మశూచి సోకిన చివరి మనిషి సోమాలియాలోని మెర్కా పట్టణంలో, ఒక ఆసుపత్రిలో వంట చేసే ఆలీ మావ్ మాలిన్. 1977 అక్టోబరులో ఆయనకు జ్వరం వచ్చింది. మొదట మలేరియా అనుకున్నారు. మచ్చలు లేచాక ఆటలమ్మ అన్నారు. అన్ని సౌకర్యాలూ ఉన్న కాలంలో, ఆసుపత్రి మనిషి విషయంలోనే, జ్వరాన్నీ పొక్కునూ తప్పుగా చదివారు. అదృష్టవశాత్తు ఆయన నుంచి ఇంకెవరికీ సోకలేదు. ఆయన కోలుకుని, తర్వాత పోలియో చుక్కల ప్రచారంలో పనిచేసి, 2013లో కన్నుమూశారు. 1980 మే 8న మశూచి భూమి మీద లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మహాసభ ప్రకటించింది.

రాజీ పుస్తకంలోని రెండో జబ్బు ఇంకా ఉంది. తట్టును మశూచి కన్నా ఎక్కువ భయపడవలసినదిగా ఆయన చెప్పిన చోటు ఉంది. 2023లో కూడా ప్రపంచమంతా కలిపి లక్ష మందికి పైగా తట్టుతో చనిపోయారు, వారిలో ఎక్కువమంది అయిదేళ్లలోపు పిల్లలు. మన దేశంలో దీని టీకా మొదటి మోతాదు బిడ్డకు తొమ్మిది నెలలు నిండాక, రెండోది పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల మధ్య ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా వేస్తున్నారు.